ఓస్లో 24 గంటల టికెట్టు: సాయంత్రం ద్వీపం, పొద్దున అడవి

ఓస్లో పోతున్నామంటే ట్రావెల్ ఏజెంటు మొదట చేతిలో పెట్టేది ఓస్లో పాస్. మ్యూజియాల కోసం పోతుంటే అది మంచిదే. చెట్లూ నీళ్ళూ చూడ్డానికి పోతుంటే మాత్రం దాని అవసరం లేదు. అక్కడి నగర రవాణా సంస్థ రూటర్ వాళ్ళ 24 గంటల సిటీ టికెట్టు ఒక్కటి చాలు. ఈ సమీక్ష ఆ టికెట్టు గురించే. అనంతపురం, కర్నూలు, కడప వైపు నుంచి పోయేవాళ్ళు దాన్ని ఎట్లా కొనాలి, ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ పొరపాటు పడతారు అన్నది వివరంగా రాస్తున్నాం. మా లెక్కలో దీనికి ఐదుకు నాలుగున్నర. ఆ అర ఎందుకు తగ్గిందో కూడా ముందుకు పోతే తెలుస్తుంది.

నార్వే రాజధానిలో సిటీ బస్సు, ట్రామ్, మెట్రో, ద్వీపాల పడవ అన్నీ రూటర్ టికెట్టు మీదే నడుస్తాయి. పొద్దున మెట్రో ఎక్కిన టికెట్టుతోనే సాయంత్రం పడవెక్కొచ్చు. టికెట్టు ధరల లెక్కలో ఊరి మధ్యభాగమంతా 1వ జోను. మనం చూడాలనుకునే అడవి అంచు, చెరువు, కొండ, ద్వీపాలు కూడా ఆ 1వ జోనులోనే ఉన్నాయి. అసలు సంగతి అక్కడే ఉంది. ఓస్లో మున్సిపాలిటీ విస్తీర్ణంలో దాదాపు మూడింట రెండు వంతులు అడవే. దాన్ని అక్కడివాళ్ళు మార్కా అంటారు. ఉత్తరాన నూర్‌మార్కా, తూర్పున ఓస్ట్‌మార్కా. ఊరు ఎక్కడ ఆగాలో, అడవి ఎక్కడ మొదలవ్వాలో గీత గీసి, ఆ గీత దాటి ఇళ్ళు కట్టకుండా 2009లో చట్టమే చేశారు. అందుకే మెట్రో ఆఖరి స్టేషన్లో దిగి రెండు నిమిషాలు నడిస్తే చెట్ల కిందే ఉంటాం. అనంతపురం క్లాక్ టవర్ దగ్గర సిటీ బస్సెక్కి అరగంటలో నల్లమల లోపల దిగినట్టు అనుకోండి. చెక్‌పోస్టు లేదు, ప్రవేశ రుసుము లేదు, గేటు మూసే టైము లేదు.

ధరల సంగతి. నార్వే డబ్బు క్రోనరు, అది మన తొమ్మిది రూపాయలకు అటూ ఇటూగా తిరుగుతుంటుంది. పెద్దవాళ్ళకు 1వ జోను సింగిల్ టికెట్టు 40 క్రోనర్లు దాటుతుంది. ఒక గంటసేపు చెల్లుతుంది, ఆ గంటలో బస్సు దిగి మెట్రో ఎక్కినా మళ్ళీ కొననక్కర్లేదు. 24 గంటల టికెట్టు దానికి సుమారు మూడింతలు. అంటే రోజుకు నాలుగుసార్లు విడివిడిగా ఎక్కేవాళ్ళకు 24 గంటలదే లాభం. కొండకు పోయి రావడం రెండు, ద్వీపానికి పోయి రావడం రెండు, అక్కడికే నాలుగయ్యాయి. మూడు రోజులు దాటి ఉండేట్టయితే ఏడు రోజుల టికెట్టే చవక. ఆరేళ్ళ లోపు పిల్లలకు టికెట్టు లేదు, పదిహేడేళ్ళ దాకా పిల్లల ధర. 67 దాటిన పెద్దలకు కూడా దాదాపు సగమే, ఏ దేశంవాళ్ళన్నది చూడరు, వయసు రుజువుకు పాస్‌పోర్టు దగ్గర పెట్టుకుంటే చాలు. కొడుకు దగ్గరికో కూతురు దగ్గరికో పోయే అమ్మానాన్నలకు ఈ తగ్గింపు సంగతి చాలామంది చెప్పరు. ధరలు ఏటా కొంచెం పెంచుతారు కాబట్టి పోయేముందు యాప్‌లో ఒకసారి చూసుకోవాలి.

ఓస్లో పాస్ 24 గంటలకు 500 క్రోనర్లు పైమాటే. అందులో రవాణా కూడా కలిసే ఉంటుంది, మ్యూజియాల ప్రవేశమూ ఉంటుంది. తేడా సొమ్ము వెనక్కి రావాలంటే ఒకే రోజులో మూడు మ్యూజియాలు చూడాలి. ఫ్రామ్ ధ్రువయాత్ర నౌక, కోన్-టికి తెప్ప, జానపద మ్యూజియం మూడూ బిగ్‌డోయ్ ద్వీపకల్పంలోనే ఉన్నాయి. 30వ నంబరు బస్సు అక్కడికే పోతుంది. ఆ ఒక్క రోజుకు పాస్ కొంటే సరిపోతుంది. వైకింగ్ ఓడల మ్యూజియం కోసమే పోదామనుకునేవాళ్ళు ఆగి చూసుకోండి. 2022 సెప్టెంబరు నుంచి దాన్ని మూసి కొత్తగా కడుతున్నారు, తెరిచేది 2027లో అని ప్రకటించారు. మిగతా రోజులకు మామూలు టికెట్టే.

ఇందులో ఒక కిటుకు ఉంది. 24 గంటలంటే క్యాలెండరు రోజు కాదు, టికెట్టు మొదలైన నిమిషం నుంచి 24 గంటలు. పొద్దున ఎనిమిదికి కొంటే మరుసటి పొద్దున ఎనిమిదికి అయిపోతుంది, రాత్రంతా నిద్రలోనే వృథా. అదే మధ్యాహ్నం రెండుకు మొదలుపెడితే ఆ సాయంత్రం ద్వీపం, మరుసటి పొద్దున అడవి, రెండూ ఒకే టికెట్టులో వస్తాయి. వేసవిలో ఇది ఇంకా బాగా పనికొస్తుంది. జూన్ మూడో వారంలో సూర్యుడు తెల్లవారుజామున నాలుగు లోపే వచ్చి, రాత్రి పదిన్నర దాటాక గానీ దిగడు. సాయంత్రం ఆరుకు పడవెక్కినా నాలుగు గంటల వెలుగు చేతిలో ఉంటుంది.

కొనే దగ్గరే మనవాళ్ళకు మొదటి ఇబ్బంది. రూటర్ యాప్ ఇంగ్లీషులో ఉంటుంది, వాడడం తేలిక. కానీ డబ్బు కట్టేటప్పుడు మన బ్యాంకు ఓటీపీ పంపుతుంది. సిమ్‌కు రోమింగ్ లేకపోతే ఓటీపీ రాదు, టికెట్టు రాదు. పైగా మన డెబిట్, క్రెడిట్ కార్డుల్లో విదేశీ లావాదేవీలు మామూలుగా ఆపే ఉంటాయి. బ్యాంకు యాప్‌లో మనమే ఆన్ చేయాలి, ఆన్‌లైను వాడకానికి ఒకటి, దుకాణంలో కార్డు ఆనించడానికి ఇంకొకటి, రెండూ ఆన్ చేయాలి. ఇది ఊళ్ళో ఉండగానే చేసుకోండి. యూపీఐ పనిచేయదు. రూపే కార్డు మీద ఆధారపడొద్దు, వీసా లేదా మాస్టర్‌కార్డు ఒకటి ఉండాలి. నోట్లు పట్టుకుపోయి లాభం లేదు, అక్కడ చిన్న కాఫీ కొట్టులో కూడా కార్డే.

యాప్ కుదరకపోతే నార్వెసెన్, సెవెన్-ఎలెవెన్ కొట్లలో టికెట్టు అడగొచ్చు. వాళ్ళు కార్డు లాంటిది ఒకటి ఇస్తారు. దాన్ని మొదటిసారి ఎక్కేటప్పుడు రీడరుకు ఆనించాలి, ఆనిస్తేనే టికెట్టు మొదలవుతుంది. యాప్ టికెట్టుకు ఇదేమీ అక్కర్లేదు. మెట్రోలో గేట్లు అడ్డం ఉండవు, ఎవరూ ఆపరు. మనవాళ్ళు కొందరు దీన్ని చూసి లోపల కండక్టరు వస్తే తీసుకుందాం అనుకుంటారు. కండక్టరు రాడు. వచ్చేది చెకింగ్ వాళ్ళు, చాలాసార్లు మామూలు బట్టల్లోనే. తలుపులు మూసుకున్నాక గుర్తింపు చూపించి టికెట్టు అడుగుతారు. కొనాల్సింది ఎక్కకముందే. లేకపోతే జరిమానా వెయ్యి క్రోనర్లు దాటుతుంది, అంటే మన తొమ్మిది వేల పైమాటే. కొత్తగా వచ్చాం, తెలియదు అంటే ఒప్పుకోరు.

ఇంకొకటి, ఫోను చార్జింగు. టికెట్టు ఫోన్లో ఉందంటే ఫోను బతికి ఉండాలి. చలిలో లిథియం బ్యాటరీ ఉన్నట్టుండి పడిపోతుంది, 40 శాతం చూపిస్తున్న ఫోను కూడా మైనస్ పదిలో ఆగిపోవచ్చు. అప్పుడు చెకింగ్ వాళ్ళకు చూపించడానికి ఏమీ ఉండదు. శీతాకాలంలో ఫోను పైకోటు జేబులో కాదు, లోపలి జేబులో ఒంటికి ఆని ఉండాలి. చిన్న పవర్‌బ్యాంకు కూడా అక్కడే.

ఇక ఎక్కడికి పోవాలి. మెట్రోను అక్కడ టీ-బానె అంటారు, ఐదు లైన్లు. ఐదూ ఊరి మధ్యలో ఒకే సొరంగం గుండా పోతాయి కాబట్టి సెంట్రల్ స్టేషను పక్కనున్న యర్న్‌బానెతోర్గెట్ నుంచి ఏదైనా దొరుకుతుంది. బోర్డు మీద ఆ పేరు జె అక్షరంతో మొదలవుతుంది, వాళ్ళు జెను య అని పలుకుతారు. ఇది తెలియక స్టేషను ముందే నిలబడి స్టేషను ఎక్కడని అడిగేవాళ్ళు ఉన్నారు.

1వ నంబరు లైను పడమటి కొస ఫ్రోగ్నర్‌సేటెరెన్. సముద్రమట్టానికి 469 మీటర్ల ఎత్తు. ఊరి మధ్య నుంచి ముప్పావుగంట లోపే. ఈ లైను మొదటి భాగం 1898లో మొదలైంది, కొండపైకి 1916లో చేరింది. మాయోర్‌స్టూయెన్ దాటాక రైలు కొండ వాలు వెంబడి మెలికలు తిరుగుతూ పైకెక్కుతుంది, ఒక్కో మలుపుకు కింద ఊరూ నీళ్ళూ ఇంకాస్త తెరుచుకుంటాయి. ఫ్రోగ్నర్‌సేటెరెన్లో దిగి కిందికి ఐదు నిమిషాలు నడిస్తే 1891 నాటి కర్ర భవనం ఒకటి ఉంటుంది, లోపల హోటలు. చూరు కొసల్లో డ్రాగన్ తలలు చెక్కారు. దాని ముందు వరండాలో నిలబడితే ఫ్యోర్డ్, అంటే నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, అంతా కాళ్ళ కింద. అక్కడి ఆపిల్ కేకుకు పేరుంది, తీసుకోవాలంటే తీసుకోండి. బయటి గట్టు మీద కూర్చుని మన తిండి తినడానికి మాత్రం ఎవరూ ఏమీ అనరు.

అక్కడి నుంచి మేం చెప్పే దారి, రైలెక్కకుండా కిందికి హోల్మెన్‌కొల్లెన్ దాకా నడవడం. సుమారు రెండు కిలోమీటర్లు, అంతా స్ప్రూస్ చెట్ల మధ్య. దిగడమే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు ఎక్కడం కంటే దిగడమే కష్టం. వాళ్ళు రైల్లోనే హోల్మెన్‌కొల్లెన్ దాకా దిగి వస్తే సరి. హోల్మెన్‌కొల్లెన్లో స్కీలతో మంచు మీద జారి దూకే పోటీల గోపురం ఉంది, ఇప్పుడున్నది 2010లో కట్టింది. 1923లో మొదలైన స్కీ మ్యూజియం దాని అడుగునే. బయటి నుంచి చూడ్డానికి డబ్బులు లేవు, గోపురం పైకి లిఫ్టుకు ఉన్నాయి. ఫ్రోగ్నర్‌సేటెరెన్ దృశ్యం చూసి వచ్చినవాళ్ళకు ఆ లిఫ్టు ఖర్చు అక్కర్లేదని మా అభిప్రాయం.

5వ నంబరు లైను కొస సోగ్న్స్‌వాన్ అనే చెరువు. ఇంట్లో పెద్దవాళ్ళు, చంటిపిల్లలు ఉంటే మేం మొదట పంపేది ఇక్కడికే. చుట్టూ 3.3 కిలోమీటర్ల కంకర బాట, చదునుగా ఉంటుంది, పిల్లల తోపుడుబండి కూడా పోతుంది. నెమ్మదిగా నడిస్తే గంట. నీళ్ళలోకి కాళ్ళు చాపి కూర్చునే బండలు, బెంచీలు ఉన్నాయి. ఈ లైన్లోనే పెద్ద పొరపాటు జరుగుతుంది. 5వ నంబరు రైలు ఊరి మధ్య సొరంగం గుండా రెండుసార్లు పోతుంది, ఒకసారి ఊరి చుట్టూ వలయం తిరగడానికి, ఇంకోసారి సోగ్న్స్‌వాన్ పోవడానికి. ప్లాట్‌ఫాం మీద రెండిటికీ 5 అనే ఉంటుంది. పక్కన రింగెన్ అని ఉంటే అది వలయం రైలు, సోగ్న్స్‌వాన్ అని ఉన్నదే ఎక్కాలి. నంబరు చూసి ఎక్కేస్తే ఊరంతా చుట్టి మళ్ళీ ఎక్కిన చోటికే వస్తారు, అరగంట పోతుంది. ఎక్కేసినా కంగారు వద్దు. ఊల్లెవోల్ స్టేడియం స్టేషన్లో దిగి వెనకొచ్చే సోగ్న్స్‌వాన్ రైలు కోసం నిలబడితే చాలు, అక్కడి దాకా రెండిటి దారీ ఒకటే.

కాళ్ళలో బలం ఉన్నవాళ్ళు ఈ రెండు లైన్లనూ అడవి గుండా కలపొచ్చు. ఫ్రోగ్నర్‌సేటెరెన్లో దిగి ఊల్లెవోల్‌సేటెర్ అనే పాత అడవి ఇంటి మీదుగా సోగ్న్స్‌వాన్ చేరడం, మొత్తం సుమారు 11 కిలోమీటర్లు. మధ్యలో ఆ ఇంట్లో వేడి వాఫిల్, దాల్చినచెక్క బన్ను, కాఫీ దొరుకుతాయి. ఎత్తు మీద మొదలవుతుంది కాబట్టి మొత్తం మీద దిగుడే ఎక్కువ. నీళ్ళు తాగుతూ, ఆగుతూ నడిస్తే నాలుగు గంటలు పెట్టుకోండి. చెట్ల మీద, బండల మీద రంగు గుర్తులు ఉంటాయి. నీలం అంటే వేసవి నడక దారి, ఎరుపు అంటే మంచు మీద స్కీ దారి. వేసవిలో ఎరుపు పట్టుకుని పోతే ఒక్కోసారి బురద నేలలోకి తీసుకుపోతుంది. ఆ దారి మంచు గడ్డకట్టినప్పుడు పోవడానికి వేసింది, నేల మెత్తగా ఉన్నప్పుడు కాదు.

అడవిలో తిరిగే హక్కు అందరికీ ఉంది, మనకూ ఉంది. 1957 చట్టంలో రాసి పెట్టారు. సాగు చేయని నేల ఎవరి సొంతమైనా నడవొచ్చు, పళ్ళు ఏరుకోవచ్చు, ఇళ్ళకు 150 మీటర్ల దూరంలో గుడారం వేసి రెండు రాత్రులు ఉండొచ్చు. ఏప్రిల్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా అడవిలో, అడవి దగ్గర నిప్పు రాజేయకూడదు. తాగునీటి చెరువుల్లో దిగకూడదు. ఓస్లో తాగే నీళ్ళలో ఎక్కువ భాగం మారిడాల్స్‌వానె నుంచే వస్తాయి, అందులో ఈతే కాదు, చేయి కడగడం కూడా తప్పే. తాగునీటికి ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టిన వీధులు ఎరిగినవాళ్ళకు ఆ కట్టడి ఎందుకో విడమరిచి చెప్పనక్కర్లేదు. సోగ్న్స్‌వాన్లో మాత్రం ఈత కొట్టొచ్చు.

జులై చివర నుంచి ఆగస్టంతా నేల మీద మోకాలి ఎత్తు పొదల్లో నీలి పళ్ళు కాస్తాయి. ఇవి దుకాణంలో దొరికే పెద్ద బ్లూబెర్రీలు కావు. చిన్నవి, నొక్కితే లోపల కూడా నల్లటి ఊదా, నేరేడు పండు తిన్నట్టు నాలుక, వేళ్ళు రంగు పట్టేస్తాయి. తెల్ల బట్టలతో పొదల్లో కూర్చోవద్దు. లోపల తెల్లగా ఉన్న పండు గానీ, గుర్తుపట్టని పండు గానీ నోట్లో పెట్టుకోవద్దు.

ద్వీపాల పడవ సిటీ హాలు ముందు ఆకెర్ బ్రిగ్గె రేవు దగ్గర ఎక్కాలి. పక్కనే టూరిస్టు పడవల వాళ్ళు గుడారాలు వేసుకుని రెండు గంటల విహారం అంటూ పిలుస్తుంటారు. వాటికి వేరే డబ్బు, వందల క్రోనర్లు. మన టికెట్టు చెల్లేది బీ అక్షరంతో మొదలయ్యే నంబరున్న ద్వీపాల పడవలకు. హూవెడోయా ద్వీపానికి పది నిమిషాలు కూడా పట్టదు. అక్కడ 1147లో ఇంగ్లండు నుంచి వచ్చిన సిస్టర్షియన్ సన్యాసులు కట్టిన మఠం శిథిలాలు ఉన్నాయి. మొండిగోడలు, నడుమెత్తు రాళ్ళు, మధ్యలో పచ్చిక. చుట్టూ తిరిగితే గంటన్నర. పడమటి వైపు బండల మీద నుంచి నీళ్ళలోకి దిగొచ్చు. ఎండాకాలంలో కూడా నీళ్ళు 18, 20 డిగ్రీలే, మనవాళ్ళు మోకాళ్ళ దాకా దిగి వచ్చేస్తారు. గడ్డిలో తిరిగి వచ్చాక కాళ్ళు, మోకాళ్ళ వెనక, నడుము దగ్గర పిడుదులు పట్టాయేమో చూసుకోండి. అక్కడి పిడుదు కరిస్తే జ్వరాలు రావచ్చు. పట్టకారును చర్మానికి ఆనించి, పిడుదును తల దగ్గర పట్టుకుని నిట్టనిలువుగా లాగాలి, నూనె పోయడం, అగ్గిపుల్ల పెట్టడం చేయకూడదు. రాళ్ళ సందుల్లో కట్లపాము కాదుగానీ వైపర్ ఒకటి ఉంటుంది, నార్వే మొత్తం మీద విషమున్న పాము అదొక్కటే. అడుగు చప్పుడుకే తప్పుకుంటుంది, బండ కింద చేయి పెట్టకుంటే చాలు.

లిన్డోయా, నాక్‌హోల్మెన్ ద్వీపాల్లో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల చిన్న కర్ర ఇళ్ళు ఉంటాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, కానీ అవి జనం వేసవి ఇళ్ళు. బాట మీద నడవొచ్చు, పెరట్లోకి పోయి ఫొటోలు దిగొద్దు.

ఫ్యోర్డ్ గురించి ఒక మాట ముందే చెప్పాలి. క్యాలెండర్లలో కనిపించే, నీళ్ళలోంచి నిలువునా లేచిన వెయ్యి మీటర్ల కొండగోడలు ఓస్లోలో లేవు. గండికోటలో పెన్నా కోసిన గోడల్లాంటివి చూద్దామని వచ్చినవాళ్ళు ఇక్కడ తెల్లబోతారు. ఓస్లో ఫ్యోర్డ్ ఒడ్డు తక్కువ ఎత్తు, చెట్లతో మెత్తగా నీళ్ళలోకి దిగుతుంది. భూమి పగిలి కుంగిన చోట నీళ్ళు నిండింది ఇది. హిమానీనదాలు లోతుగా తొలిచిన నిలువు గోడలు పడమటి తీరంలో ఉన్నాయి, అటువైపు బెర్గెన్‌కు రైల్లో ఆరున్నర, ఏడు గంటలు. ఒక్క రోజులో రెండూ కలిపి చూపిస్తామనే ప్యాకేజీలో కూర్చున్న సేపే ఎక్కువ.

తిండి దగ్గర ఖర్చు కళ్ళు తిరిగేలా ఉంటుంది. మామూలు హోటల్లో ఒక మనిషి భోజనం 200 క్రోనర్లు దాటుతుంది, కాఫీయే మన 400 రూపాయల దగ్గర. అక్కడివాళ్ళు కూడా రోజూ హోటల్లో తినరు, మాట్‌పాక్కె అని ఇంటి రొట్టె ముక్కలు కాగితంలో చుట్టుకుని కొండకు పోతారు. దీనికి మన దగ్గర అంతకంటే మంచిది ఉంది. ఎండుగా కాల్చిన జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి. కర్నూలు వైపు కటకటలాడేట్టు కాల్చి పెట్టే రొట్టె వారం పది రోజులు చెడదు, బరువుండదు, చలికి గట్టిపడే బాధా లేదు, ముందే గట్టిగా ఉంది. పెళుసు కాబట్టి పెట్టెలో బట్టల మధ్య కాదు, స్టీలు డబ్బాలో నిలబెట్టి సర్దాలి. పొడిలో నూనె, నెయ్యి కలపకుండా విడిగా తీసుకుపోండి. నెయ్యి సంగతి ముఖ్యం. ఇండియా నుంచి మాంసం, పాల పదార్థాలు నార్వేలోకి తీసుకుపోనివ్వరు. నెయ్యి, పాలకోవా, నేతి ఓళిగలు, కోడి పచ్చడి పెట్టెలో ఉంటే కస్టమ్స్ దగ్గర పోతాయి. చింతపండు, కారం, నల్లకారం, నూనె పచ్చళ్ళు, బొరుగులు ఇబ్బంది లేనివి. నీళ్ళ సీసా కొనొద్దు, కుళాయి నీళ్ళు బాగుంటాయి, ఖాళీ సీసా పట్టుకుపోతే చాలు.

బియ్యం, పప్పు, కరివేపాకు కావాలంటే గ్రోన్‌లాన్డ్ పేటలో పాకిస్తానీ, తమిళ కొట్లు ఉన్నాయి, మెట్రోలో సెంట్రల్ స్టేషను నుంచి ఒకే స్టేషను. శాకాహారులు ప్యాకెట్టు మీద చూడాల్సిన మాటలు నాలుగే: షోట్ (kjøtt అని రాస్తారు) అంటే మాంసం, ఫిస్క్ చేప, స్వీన్ పంది, ఎగ్ గుడ్డే. ఆదివారం పెద్ద దుకాణాలు మూసేస్తారు, శనివారం సాయంత్రానికే కొనుక్కోవాలి.

ఎప్పుడు పోవాలన్నదానికి మా జవాబు జూన్ మధ్య నుంచి ఆగస్టు చివర. జులైలో సగటు 17, 18 డిగ్రీలు. అయితే వాన ఎప్పుడైనా పడుతుంది. అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర పడే వాన, చాలావరకు నాలుగైదు నెలల్లో పడుతుంది. ఓస్లోలో అంతకంటే ఎక్కువే, ఏడాదంతా సన్నగా పడుతూ ఉంటుంది. గొడుగు గాలికి నిలవదు, టోపీ ఉన్న వాన కోటు కావాలి. లోపల నూలు బనియను వేసుకుని ఎక్కితే చెమట పట్టి, ఆ తడి ఆరక, ఆగగానే వణుకు పుడుతుంది. ఉన్ని బనియను తడిసినా వెచ్చదనం పోదు, అందుకే అక్కడివాళ్ళు వేసవి కొండకూ అదే వేస్తారు. వాతావరణానికి యర్ అనే యాప్ నమ్మదగ్గది, నార్వే వాతావరణ శాఖ, అక్కడి ప్రభుత్వ ప్రసార సంస్థ కలిసి నడిపేది.

విమానానికి మన ప్రాంతం అనువైన చోట ఉంది. బెంగళూరు విమానాశ్రయం అనంతపురం నుంచి పోయే 44వ జాతీయ రహదారి మీద ఊరికి ఇవతలే వస్తుంది, హైదరాబాదుది కర్నూలు వాళ్ళకు అట్లాగే. రెండు చోట్లా ఊరి ట్రాఫిక్కులో దూరనక్కర్లేదు. దుబాయ్, దోహా లాంటి చోట ఒక మార్పుతో ఓస్లో చేరొచ్చు. కావాల్సింది షెంగెన్ వీసా. గార్డెర్మోయెన్ విమానాశ్రయంలో దిగాక ఎదురుగా కనిపించే ఫ్లీటోగె ఎక్స్‌ప్రెస్ రైలు 19 నిమిషాల్లో ఊళ్ళోకి తెస్తుంది. అదే ప్లాట్‌ఫాంల నుంచి పోయే వీ (Vy) అనే సంస్థ మామూలు రైలు ఇంకో నాలుగైదు నిమిషాలు ఎక్కువ తీసుకుని దాదాపు సగం ధరకే తెస్తుంది. విమానాశ్రయం 1వ జోనులో లేదు కాబట్టి 24 గంటల టికెట్టు గానీ, ఓస్లో పాస్ గానీ అక్కడ చెల్లవు. ఇదొక్కటి మరిచిపోయి మొదటి గంటలోనే జరిమానా తెచ్చుకునేవాళ్ళున్నారు.

అర మార్కు తగ్గించిన కారణాలు. వేసవి సెలవుల్లోనే మెట్రో పట్టాల పనులు పెట్టుకుంటారు, ఆ వారాల్లో కొంత దారికి బదులు బస్సు వేస్తారు. బస్సు ఆగేది స్టేషను ముందే కాకపోవచ్చు, గుర్తులు వెతుక్కోవాలి. ఎండ కాసిన ఆదివారం ద్వీపం పడవ నిండిపోతుంది. నిండితే గొలుసు వేసేస్తారు, తరువాతి దానికోసం నిలబడాల్సిందే. తిరుగు పడవకు కూడా అంతే, కాబట్టి ఆఖరి పడవ కోసం కూర్చోకుండా ఒకటి ముందే ఎక్కండి. శీతాకాలంలో పడవలు బాగా తగ్గిపోతాయి. ఊళ్ళో మరుగుదొడ్డికి పది, ఇరవై క్రోనర్లు కార్డుతో కట్టాలి, పెద్దవాళ్ళతో పోతే బయల్దేరేముందే పని ముగించుకోవడం మంచిది.

శీతాకాలంలో పోవాల్సి వస్తే కూడా ఈ టికెట్టు పనికొస్తుంది. డిసెంబరులో వెలుగు ఆరు గంటలే, తొమ్మిది దాటాక తెల్లారి మూడు దాటగానే పొద్దు గూకుతుంది. కాలిబాటల మీద మంచు కరిగి మళ్ళీ గడ్డకట్టి గాజులా ఉంటుంది. చెప్పుల కింద తొడిగే ఇనుప ముళ్ళ పట్టీలు దొరుకుతాయి, పెద్దవాళ్ళకు తప్పకుండా కొనాలి. మంచు బాగా పడ్డాక ఫ్రోగ్నర్‌సేటెరెన్ దగ్గర స్లెడ్జి బండ్లు, హెల్మెట్లు అద్దెకిస్తారు. అక్కడి నుంచి మిడ్‌స్టూయెన్ స్టేషను దాకా కొర్కెట్రెక్కెరెన్ అనే జారుడు దారి, రెండు కిలోమీటర్లు, 255 మీటర్ల దిగుడు. దారికి డబ్బులు లేవు, బండికే అద్దె. కూర్చుని మడమలు రెండూ మంచులో ఆనించి వేగం తగ్గించాలి, ఎడమ మడమ నొక్కితే ఎడమకు, కుడిది నొక్కితే కుడికి తిరుగుతుంది. మలుపుకు ముందే నొక్కాలి, మలుపులో నొక్కితే ఆలస్యమైపోయి గట్టు మీదికి పోతుంది. పిల్లల్ని ముందు కూర్చోబెట్టుకుని వాళ్ళ కాళ్ళు బండి మీదే ఉంచాలి. కింద పడితే వెంటనే బండి పట్టుకుని దారి పక్కకు జరగాలి, వెనక వచ్చేవాళ్ళకు ఆగడం చేతకాదు. మిడ్‌స్టూయెన్లో మంచు దులుపుకుని, బండి చంకలో పెట్టుకుని 1వ నంబరు రైలెక్కితే పావుగంటలో మళ్ళీ పైనే, అదే టికెట్టు మీద, 24 గంటలు అయ్యేదాకా ఎన్నిసార్లయినా.